బాలింత గది

హలో… ఆ, శౌరయ్య మేస్త్రినే మాట్లాడుతున్నా. ఎవరండీ?…

రత్నమా? ఇదెవరి నంబరు? నీ ఫోనేమైంది?…

ఆగాగు, ఏం వినపడట్లేదు. ఇక్కడ స్లాబు పోస్తున్నాం… పామర్రులోనే… ఎలీషా, ఆ కాంక్రీటు కలిపే మిల్లరు కాసేపు ఆపించు. ఇంటి దగ్గర్నుంచి ఫోను. అబ్బా, ఐదు నిమిషాల్లో కాంక్రీటేం గట్టిపడదులే, ఆపించు.

ఆ, ఇప్పుడు చెప్పు.

ఛార్జింగ్ అయిపోయిందా. కరెంటెప్పుడు పోయింది?… పదకొండింటికా. ఇప్పుడు మూడు కావస్తోంది… ట్రాన్స్‌ఫార్మర్ పేలిందా. పేలదా మరి, సందులో ఇంటికో ఏసీ అయిపాయె. మనమూ పెట్టాంగా. సరేలే… ఇది కింద అద్దెకుంటున్న టీచరు గారి ఫోనా? వినీల గారిదా. మంచిది.

ఏంటా ఆయాసం? కూర్చుని మాట్లాడు.

…పాపకా? మళ్ళీనా?

చేత్తో చూస్తే ఏం తెలుస్తుంది రత్నం. టీచరు గారి దగ్గర థర్మామీటరు—

పెట్టారా. ఎంతుంది?

…

నూట రెండున్నర.

లేదు, లేదు, వింటున్నా. తొమ్మిది రోజుల పిల్లకి నూట రెండున్నర. వింటున్నా.

మందుల షాపతను ఇచ్చిన చుక్కలు వేశావా?… ఎన్నిసార్లు?… వేసినా తగ్గట్లేదు. నిన్న కూడానా?… తెల్లవారుజామున తగ్గిందా. మందు వేయకుండానే?

…దిష్టి సంగతి తర్వాత. ఎవరి కళ్ళయినా సరే, తర్వాత చూద్దాం. గుణదల మాత గుడి నుంచి తెచ్చిన నూనె రాశావు, మంచిది, రాస్తే తప్పులేదు. ముందు నేనడిగేదానికి జవాబు చెప్పు. పాలు తాగుతుందా?

పొద్దున తాగింది. తర్వాత?… నోరు తెరవట్లేదు. ఏడుస్తుందా?… ఊ. ఏడవట్లేదు, నెమ్మదించిందిలే అనుకున్నావా. లేదు, నిన్ననట్లేదు. ఉచ్చ ఎప్పుడు పోసింది?… అడుగుతున్నాగా, గుడ్డలు ఎప్పుడు మార్చావు?… తెల్లారి. అప్పట్నుంచి తడవలేదు.

…

శాలిని ఏం చేస్తోంది?… నిద్రా. పోనీలే, పడుకోనీ. రాత్రంతా పిల్లతో జాగారం చేసుంటుంది, లేపకు. అల్లుడు?… అవును, యేసుకుమార్ లోడేసుకుని ఒంగోలు వెళ్ళాడుగా.

అంటే ఇంట్లో నువ్వూ, అమ్మాయీ, పాప. అంతే. సరే.

ఎలీషా, ఇటు రా. నీ ఫోను తీసి నూట ఎనిమిదికి కొట్టు. విజయవాడ, సింగ్ నగర్, పైపుల రోడ్డు, చర్చి పక్క సందు. పసిబిడ్డ, తొమ్మిది రోజులు, ఒళ్ళు కాలిపోతోంది, పాలు తాగట్లేదు. అచ్చం ఇలాగే చెప్పు… నా నంబరెందుకు, నేను లైన్లో ఉన్నాగా, నీదే ఇవ్వు.

ఆ, రత్నం… ఆసుపత్రికే. అవును, అంబులెన్సే… ఎవరేమనుకుంటే మనకేంటి. పదకొండో రోజు దాకా పిల్లని గడప దాటించకూడదంటావు. పదకొండో రోజుకి పిల్ల ఉండొద్దూ?

…తప్పే. అనకూడని మాట. తప్పయింది. ఏడవకు.

ఒకటి చెప్పు నాకు. మొన్న జ్వరం ఎన్నింటికి మొదలైంది?… గుర్తు తెచ్చుకో. నీ టీవీ సీరియలు అయిందా?… అయ్యాక. అంటే మూడు. నిన్న?… నిన్నా అప్పుడే. తగ్గింది ఎప్పుడు?… అర్ధరాత్రి దాటాక. మరి ఇవాళ?… ఒంటిగంటకే.

మూడు రోజులూ మధ్యాహ్నమే. ఒక్కరోజు కూడా పొద్దున పూట కాదు.

…ఏం జ్వరమో నాకేం తెలుసు, డాక్టరు చెప్తాడు. కానీ గడియారం చూసుకుని వచ్చే జ్వరమేంటి రత్నం? మధ్యాహ్నం వేడెక్కి, అర్ధరాత్రి దాకా కక్కి, తెల్లారేసరికి చల్లబడేది నాకు తెలిసి ఒకటే ఉంది. ముప్పై ఏళ్ళుగా దాని మీదే నడుస్తున్నా. స్లాబు.

అదే చెప్తున్నా. పాప ఎక్కడ పడుకుంది?… పడమటి వైపు. మంచం గోడకి ఆనించి ఉందా?

లే. లేచి గోడ మీద చెయ్యి పెట్టు.

ఎందుకేంటి, పెట్టమన్నాగా. ఫోను చెవి దగ్గరే ఉంచు, రెండో చెయ్యి పెట్టు. అరచెయ్యి మొత్తం. పాప తల ఎక్కడుందో ఆ ఎత్తులో. ఆనించి పది లెక్కపెట్టు.

ఒకటి. రెండు. మూడు. నా—

తీసేశావేం?

…

అట్ల పెనంలా ఉందా.

ఒక్క నిమిషం. ఒక్క నిమిషం మాట్లాడకు.

పోయినేడు ఎండాకాలం ఆ గదిలోనే పడుకున్నాంగా మనిద్దరం. ఉక్కపోసింది, విసనకర్రతో విసురుకున్నాం, అంతేగా. గోడ కాలిందా?… లేదు. మరి ఈ ఏడు ఏం మారింది?… ఆ. చెప్పు. నువ్వే చెప్పావు.

బసవపున్నయ్య గారి మేడ.

అవును. మార్చిలో పడగొట్టారు అపార్ట్‌మెంట్ కడతామని. ఆ మేడ మన గోడని రాసుకునే ఉండేది, మధ్యలో తాపీ పట్టే సందు కూడా లేదు. అందుకే అటువైపు ప్లాస్టరింగు చెయ్యలేదు. ఎండ తగలదు, వాన తగలదు, ఎవరికీ కనపడదు, ఎందుకులే అని నాలుగంగుళాల గోడే లేపేశా. ఒంటి ఇటుక రత్నం అది. ఇప్పుడు మేడ లేదు. ఒంటిగంట దాటిందగ్గర్నుంచి పొద్దుగూకే దాకా సూర్యుడు తిన్నగా దాని మీదే ఉంటాడు. నేను చూశా. పోయిన నెల పునాదులకి సున్నం గీతలు గీస్తుంటే అక్కడే నిలబడి చూశా. ప్లాస్టరింగు చెయ్యాలనుకున్నా కానీ ఎండ అనుకోలేదు. ఆ గోడకవతల నా కూతురు పడుకుంటుందని అనుకోలేదు.

…ఉండు, ఇంకోటి ఉంది. నెత్తి మీద.

అక్టోబరు వానల్లో మూల చుక్క కారితే నువ్వు రాత్రంతా గిన్నె పెట్టుకుని కూర్చున్నావా. చూడలేక స్లాబంతా నల్ల తారు షీటు పరిచేశా. చుక్క రాకూడదని. వానొక్కటే కనపడింది నాకు. ఎండలో నల్ల రోడ్డు మీద చెప్పుల్లేకుండా నిలబడగలవా? నేను దాన్ని తీసుకెళ్ళి ఇంటి నెత్తిన పెట్టా.

…ఏసీ వల్ల కాదు. ఏసీ బాగానే ఉంది. ఏసీ మెకానిక్ జాన్‌బాబు వచ్చి చూశాడుగా పోయిన వారం. రోజుకి ఇరవై యూనిట్లు లాగుతోంది, గది చల్లబడట్లేదు, మిషన్ మార్చమంటే ఏమన్నాడు? మిషన్‌లో లోపం లేదు మేస్త్రి గారూ, గదిలో ఉంది అన్నాడు. నాకు గోడలు కట్టడం నేర్పిస్తావా అని కేకలేశా కుర్రోణ్ణి. టీ కూడా తాగనివ్వలేదు. ఇరవై యూనిట్లు అది గదిని చల్లబరచలేదు రత్నం, నా గోడతో కుస్తీ పట్టింది. పదకొండింటికి అది పడిపోయింది. ఇప్పుడు గోడదే రాజ్యం.

సరే. ఇప్పుడు పని. నేను చెప్పేది వరసగా చెయ్యి.

కిటికీలు తెరిచున్నాయా?… ఒక్కటీ లేదు. సందుల్లో పేలికలు కూడా కుక్కావా… గాలి సోకుతుందని. ఊ. తలుపు?… పాప ఒంటి మీద ఏమున్నాయి?… చొక్కా, పైన పొత్తిగుడ్డ, ఉన్ని టోపీ, మేజోళ్ళు. ఇంకా?… దుప్పటి మడత.

ఆ వాసనేంటని టీచరు గారు అడుగుతున్నారా? ఏ వాసన?…

రత్నం, కుంపటి లోపలే ఉందా?

స్నానం అయ్యాక సాంబ్రాణి వేశావు, అది తెలుసు. వేశాక బయట పెట్టలేదా?… తలుపు మూసిన గదిలో నిప్పులు. ముందు అది బయట పెట్టు. ఇప్పుడే. నేను లైన్లోనే ఉంటా, పట్టకారుతో పట్టుకో, చెయ్యి కాల్చుకోకు.

…

ఎలీషా, ఏమన్నారు?… బయల్దేరారా. పావుగంట. సరే. నువ్వు బండి తియ్యి. నువ్వు తోలు, నేను వెనక కూర్చుని మాట్లాడతా… తెలుసయ్యా, సగంలో ఆపితే స్లాబుకి అతుకు పడుతుంది. పడనీ. ఓనరు గారితో రేపు నేను మాట్లాడతా, పగలగొట్టి మళ్ళీ పోయమంటే పోస్తా. పద.

ఆ, పెట్టావా. మంచిది. ఇప్పుడు పాపని ఎత్తుకుని కిందికి దిగు. టీచరు గారి ముందు గదిలోకి. ఉత్తరం వైపు గది, మన గది దానికి గొడుగు పట్టినట్టు. నేల మీద చెయ్యి పెట్టు, ఎంత చల్లగా ఉంటుందో తెలుస్తుంది.

…ఆవిడే రమ్మంటున్నారా? మరింకేంటి?

…గాలి.

రత్నం, గాలి కాదు పిల్లని తింటోంది.

…తెలుసు. మీ అమ్మ అలాగే చేసింది, మా అమ్మా అలాగే చేసింది. మట్టి గోడ మూరెడు మందం, పైన తాటాకు. ఆ ఇంట్లో తలుపులు మూస్తే లోపల కుండలో నీళ్ళంత చల్లగా ఉండేది. ఇక్కడ మూస్తే—

ఏంటి?

…

లేదు. మర్చిపోలేదు. నేనెలా మర్చిపోతాను.

ఆ పేరెందుకు తీస్తావే ఇప్పుడు.

…

ఊ. విను. ఏడుస్తూనే విను. తొంభైలో తుఫాను. అప్పుడూ మే నెలే. పాక కప్పు లేచిపోయింది, మన పిల్లాడికి పన్నెండు రోజులు. పొడి గుడ్డ ఒక్కటి లేదు మన దగ్గర. నీ చీర పిండి కప్పావు, నేను నా ఒళ్ళంతా వాడి మీద వంచి కూర్చున్నా, తెల్లారేసరికి చేతుల్లో రాయిలా అయిపోయాడు. ఆ రాత్రి వాడికి కావలసింది కాస్త వెచ్చదనం. ఇవ్వలేకపోయాం. ముప్పై ఐదేళ్ళ తర్వాత నువ్వు ఆ వెచ్చదనం అంతా తెచ్చి ఈ పిల్లకి ఇస్తున్నావు రత్నం. దీనికి అది వద్దు.

…

నీ తప్పని అనట్లేదు. కిటికీలు మూసింది నువ్వు, గోడ కట్టింది నేను. ఎవరెంతో తర్వాత తేల్చుకుందాం. ఇప్పుడు పిల్లని ఎత్తు.

రత్నం?

…ఎత్తావా.

దేవుడికి స్తోత్రం. చెప్పులేసుకో. ఇనుప మెట్లు, ఈ వేళప్పుడు అరికాలు అంటుకుంటుంది, కాలు జారితే ఇద్దరూ పోతారు. చెప్పులు లేకపోతే టీచరు గారివి… సరే. పాప మొహం మీద చెంగు కప్పు, ఎండ ఒక్కటే తగలకుండా. గట్టిగా కాదు, గాలి ఆడాలి… ఆడాలనే చెప్తున్నా. ఫోను టీచరు గారికి ఇచ్చి నువ్వు రెండు చేతులతో పట్టుకుని దిగు.

…

హలో. అమ్మా, వినీల గారూ. దణ్ణమండీ. ఫోను ఇచ్చారు, ఇల్లు ఇస్తున్నారు… లేదండీ, అనాలి. దిగుతుందా?… ఎన్ని మెట్లు?… మీరు ముందు దిగండి, ఆవిడ తడబడితే అడ్డం ఉండండి. ఆ… ఆ… దిగిందా.

అమ్మయ్య.

చాప మీద వద్దు, పల్చటి గుడ్డ పరిచి నేల మీదే పడుకోబెట్టండి. టోపీ, మేజోళ్ళు, అన్నీ తీసేయండి. ఐసు వద్దు. కుళాయి నీళ్ళలో గుడ్డ తడిపి పిండి ఒళ్ళు తుడవండి. మెడ, చంకలు. మీరు పిల్లల తల్లి, మీకు నేను చెప్పాలా… విసనకర్ర లేకపోతే మీ స్కూలు అట్ట పుస్తకం చాలు. రత్నాన్ని విసరమనండి. చేతికి పని ఉంటే ఏడవదు.

ఎలీషా, ఉయ్యూరు దగ్గర ఊళ్ళోంచి వద్దు, బజారు రద్దీలో ఇరుక్కుపోతాం. బైపాస్ మీద పోనీ.

ఆ, చెప్పండి. కదులుతుందా?… కాలు లాక్కుందా. గుడ్డ తగిలితే లాక్కుందా. అంటే తెలుస్తోంది. తెలుస్తోంది దానికి.

ఫోను దాని దగ్గర పెట్టండి ఒకసారి.

…

…

విన్నానండీ. పిల్లి కూనలా ఉంది. అయినా ఏడుపు ఏడుపే. ఏడవనీయండి, ఊరుకోబెట్టకండి.

రత్నానికివ్వండి… రత్నం, విన్నా. విన్నానే. ఇదుగో, ఇప్పుడు నోట్లో పాలు పడాలి. అంబులెన్సు వచ్చేలోపు నాలుగు చుక్కలు పడినా మేలు. శాలినిని పిలువు.

…ఇంకా పడుకునే ఉందా?

ఇంత గొడవలోనా? నువ్వు ఏడ్చావు, కుంపటి లాగావు, పిల్లని పక్కలోంచి ఎత్తావు. కళ్ళు తెరవలేదా?… నేనేగా లేపొద్దన్నా. అవును. నేనే అన్నా.

ఎప్పట్నుంచి పడుకుంది?… కరెంటు పోకముందు నుంచి. మధ్యలో లేచిందా?… అన్నానికి?… వద్దందా, తలనొప్పి అందా. ఎప్పుడు?… పన్నెండింటికి. తర్వాత మాట్లాడలేదు.

రత్నం, మంచినీళ్ళెప్పుడు తాగింది?

…పథ్యం.

బాలింతకి నీళ్ళు ఎక్కువ ఇస్తే పొట్ట జారుతుంది, సరే, అది నాకు తెలుసు. నిన్నటి నుంచి మొత్తం ఎన్ని గ్లాసులిచ్చావని అడుగుతున్నా.

…

అరగ్లాసు వేడినీళ్ళు. రెండుసార్లు.

ఆ గదిలో.

నువ్వు పాప దగ్గర ఉండు. కదలొద్దు, విసురుతూ ఉండు. ఫోను టీచరు గారికివ్వు. ఇవ్వు, మాట్లాడొద్దు, ఇచ్చెయ్.

వినీల గారూ, మీరు పైకెళ్ళండి. పరిగెత్తండి. మేమందరం పిల్లనే చూశాం అమ్మా. నేను కూడా. పడుకోనీ అన్నా. తల్లిని ఆ బట్టీలో వదిలేసి వచ్చాం.

…

ఎక్కారా. కిటికీ తెరవండి ముందు, దక్షిణం వైపుది. పేలికలు లాగి పారెయ్యండి. ఇప్పుడు తన దగ్గరికెళ్ళండి. పేరు పెట్టి పిలవండి.

గట్టిగా.

…భుజం పట్టి కుదపండి.

…

ఊపిరి ఉందా?… ఉంది. వేగంగా ఉంది. సరే. సరే. ఒళ్ళు ఎలా ఉంది?… చెమట పట్టిందా?… లేదా. పొడిగా కాలుతోందా.

దుప్పటి ఉందా మీద?… రగ్గా. లాగెయ్యండి. చెవుల్లో దూది కూడా తీసెయ్యండి, అదుంటే మీరు పిలిచేది కూడా వినపడదు. బిందెలో నీళ్ళుంటాయి మూలన, అన్నీ తన మీద పోసెయ్యండి. పరుపు పాడైతే పాడవనీ. తల మీద, ఛాతీ మీద పొయ్యండి. కుట్ల దగ్గర తడవకుండా చూడగలిగితే చూడండి, లేకపోతే లేదు.

ఏమైనా అందా?… మూలిగిందా. మూలిగింది.

మీరొక్కరే దించలేరు. ఆపరేషనయిన మనిషి, ఇనుప మెట్లు. కిటికీలోంచి కుడివైపు తొంగి చూస్తే పక్క సైటు కనపడుతుందిగా, బసవపున్నయ్య గారి స్థలం? అక్కడ సెంట్రింగు వాళ్ళు నీడన కూర్చుని ఉంటారు ఈ టైముకి. కేకెయ్యండి. శౌరయ్య మేస్త్రి కూతురికి బాగోలేదని చెప్పండి. ఆ మాటే చాలు, వాళ్ళలో సగం మంది నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే.

…

వస్తున్నారా. ఎంతమంది?… చాలు, నలుగురు చాలు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఏదో ఒక చీరతో నడుముకి కట్టి, ముందిద్దరు వెనకిద్దరు. వాళ్ళకి చెప్పక్కర్లేదు, ఇటుకలు మోసే వాళ్ళకి బరువు దించడం తెలుసు. కుర్చీ వెనక్కి వంచి దించమనండి, తల ముందుకి పడకూడదు.

ఎలీషా, కంకిపాడు ఎంత దూరం?… ఎంత తోలినా అదే చెప్తున్నావు నువ్వు.

…అది సైరనేనా? వచ్చారా? సందులోకి రాదు అంబులెన్సు, మూల మీద కంకర పోశారు… వాళ్ళే స్ట్రెచరు తెస్తున్నారా. సరే. ఇద్దరని చెప్పండి. పిల్లకని పిలిచాం, ఇప్పుడు ఇద్దరు. ఎండదెబ్బ అనుకుంటున్నామని చెప్పండి. గదిలో నిప్పులుండేవని కూడా చెప్పండి, దాచకండి. నీళ్ళివ్వలేదని చెప్పండి. రత్నం సిగ్గుపడుతుంది, మీరు చెప్పండి.

కిందికి దిగారా.

ఆ, పాప సంగతి ఏమంటున్నాడు అంబులెన్సాయన?… నూట ఒకటికి వచ్చింది. దేవా… లేదండీ, సంతోషం కాదు, ఇంకా కాదు. పెద్దాసుపత్రిలో చూడాలంటున్నాడా. చూడాలి మరి. మరి శాలినికి?…

ఎంత?

…

నూట నాలుగు దాటింది.

లేదు. ఉన్నా. లైన్లోనే ఉన్నా. గాలి హోరు, అంతే.

ఫోను దాని చెవి దగ్గర పెట్టండమ్మా. ఒక్క నిమిషం.

శాలినీ. శాలినీ, నేను నాన్నని. పాప బాగానే ఉంది, మీ అమ్మ దగ్గరుంది. నిన్ను చల్లటి చోటికి తీసుకెళ్తున్నారు. వినపడుతుందా తల్లీ? ఆ గదిలోకి మళ్ళీ వెళ్ళక్కర్లేదు. నేను కట్టిందేగా, నేనే పడగొడతా. ముందు నువ్వు ఏదో ఒకటి అను. తిట్టినా సరే.

…

…

శాలినీ.

…

ఏంటమ్మా? మళ్ళీ అను. సరిగా వినపడలేదు.

…

వినీల గారూ, అన్నది కదా. అది అన్నదే కదా. ఏమంది? బండి మోతలో—

నీళ్ళా.

నీళ్ళడిగిందా.

ఆ అంబులెన్సాయన్ని అడగండి, ఇవ్వొచ్చా?… తల ఎత్తి, చెంచాతో, మింగితేనే రెండోది. సరే. ఇవ్వండి, ఎక్కే ముందే ఇవ్వండి.

మీరు కాదమ్మా. రత్నాన్ని పిలవండి. పాపని మీరు తీసుకుని గ్లాసూ చెంచా ఆవిడ చేతికివ్వండి.

…తన వల్ల కాదంటోందా? ఒలికితే ఒలకనీ. ఆవిడే పట్టాలి. అది తాగుతుంటే ఆవిడ కళ్ళతో చూడాలి, లేకపోతే ఈ జన్మలో నిద్రపోదు.

…

పట్టిందా?

…

మింగిందా?

…

ఇంకోటి.

…

ఇంకోటి పట్టమనండి.

లేదండీ, నేను బాగానే ఉన్నా. కంకిపాడు దాటాం. నేను నేరుగా ఆసుపత్రికే వస్తా. మీ చేతిలో పాప ఉందిగా ఇప్పుడు… ఒంటి చేత్తో పట్టుకున్నారా? అలా వద్దు. ఫోను పెట్టెయ్యండమ్మా. ఆ చేత్తో దాని తల పట్టుకోండి.